జారని కట్టు, చెమ్మ నిలవని గుడ్డ: ఆటల పిల్లలకు కట్టు తువ్వాలు కుట్టుకోవడం ఎలా

వశిష్ఠ గోదావరి ఒడ్డున మా ఊరి రేవులో పొద్దున్నే ఈత నేర్చుకునే పిల్లలు పదిహేను మంది దాకా ఉంటారు. నీళ్ళలోంచి బయటికొచ్చాక బట్టలు మార్చుకోవడానికి అక్కడ గది లేదు, చాటు కూడా లేదు. మగపిల్లలు తుండు చుట్టుకుని, దాని కొసను పళ్ళతో కరిచిపట్టి, లోపల తడి నిక్కరు లాగేసుకుంటారు. ఆడపిల్లలు తడి బట్టల మీదే చున్నీ కప్పుకుని ఇంటిదాకా నడిచిపోతారు. నా మేనకోడలు అలా ఒక వానాకాలమంతా తడిబట్టలతో నడిచింది. తొడలు ఒరుసుకుపోయాయి, ఆపైన తామర పట్టుకుంది. డాక్టరుగారు మందు రాసిచ్చి, "తడి బట్ట ఒంటి మీద ఉంచకమ్మా" అన్నారు. ఉంచకుండా ఎక్కడ మార్చుకుంటుంది పాపం? నేను పాతికేళ్ళుగా మిషన్ కుడుతున్నాను. ఆ సాయంత్రమే కూర్చుని మొదటి కట్టు తువ్వాలు కత్తిరించాను.

కట్టు తువ్వాలు అంటే ఒంటికి చుట్టి తగిలించుకుని, లోపల్నుంచే బట్టలు మార్చుకునే తువ్వాలు. అది నా లెక్కలో రెండు పనులు చేయాలి. రెండు చేతులూ వదిలేసినా నడుం మీద నిలబడాలి. సాయంత్రం ఆటకి మళ్ళీ తీసుకెళ్ళేసరికి ఆరిపోయి ఉండాలి. ఈ రెండూ వేరు వేరు పనులని మొదట్లో అనుకున్నాను. కుడుతూ కుడుతూ తెలిసిందేంటంటే రెంటికీ మందు ఒక్కటే, బరువు తగ్గించడం. మందపాటి టర్కీ టవల్ తడిస్తే తన బరువుకే కిందికి జారుతుంది, ఆ బరువంతా నీళ్ళే కాబట్టి ఆరదు కూడా. పల్చటి గుడ్డ తక్కువ నీళ్ళు తాగుతుంది, నడుం మీద తేలిగ్గా నిలుస్తుంది. మన తాతల తుండు, లుంగీ పల్చగా ఉన్నది ఊరికే కాదు.

మన గాలి సంగతి

ఎక్కడో పొడి ఊళ్ళో గంటలో ఆరే టవల్ మన దగ్గర పూటంతా ఆరదు. డెల్టాలో ఓ పక్క సముద్రం, మధ్యలో గోదావరి పాయలు, ఎటు చూసినా కాలవలు, చేపల చెరువులు, వరి చేలు. గాలి ముందే తేమతో నిండి ఉంటుంది కాబట్టి గుడ్డలో నీటిని అది తీసుకోలేదు. జూలై, ఆగస్టుల్లో అయితే దండెం మీది బట్ట మర్నాటికీ చెమ్మగానే ఉంటుంది, ముక్క వాసన కూడా మొదలవుతుంది. ఆ వాసన చెమటది కాదు, తడిలో పెరిగే సూక్ష్మజీవులది. ఎంతసేపు తడిగా ఉంటే అంత పెరుగుతాయి.

గుడ్డ రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. గాలిలో 65 శాతం తేమ ఉన్నప్పుడు, పైకి పొడిగా కనిపించే పత్తి నూలు తన బరువు మీద సుమారు 8.5 శాతం నీటిని పట్టుకునే ఉంటుంది. పాలిస్టర్ 0.4 శాతం దగ్గరే ఆగిపోతుంది. వానాకాలంలో ఉతికి ఆరేసిన నూలు తుండు కూడా చేతికి చల్లగా తగలడానికి కారణం అదే. అలాగని నూలును వదిలేయమని నేను చెప్పను. ఎందుకో కింద చెబుతాను.

గుడ్డ ఎంచుకోవడం

తువ్వాళ్ళ మందాన్ని జీఎస్ఎం లెక్కలో చెబుతారు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుంటే అంత జీఎస్ఎం. షాపులో ఆ అంకె రాసి లేకపోయినా ఫరవాలేదు, ఇంట్లో వంటింటి తూకం మీద టవల్ పెట్టి, వచ్చిన గ్రాములను దాని వైశాల్యంతో భాగించండి. 60 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు ఉన్న గుడ్డ సుమారు 1.16 చదరపు మీటర్లు. అది 500 జీఎస్ఎం టర్కీ టవల్ అయితే పొడిగా ఉన్నప్పుడే 580 గ్రాములు. 180 జీఎస్ఎం తుండు అయితే 210 గ్రాముల లోపే. కట్టు తువ్వాలుకు 150 నుంచి 220 మధ్య తీసుకోండి. 300 దాటితే మన వానాకాలానికి పనికిరాదని నా అభిప్రాయం.

ఆ లోపల మూడు రకాల గుడ్డలు దొరుకుతాయి.

ఒకటి చేనేత నూలు తుండు, లేదా లుంగీ గుడ్డ. ఒంటికి హాయిగా ఉంటుంది, చెమటను తేలిగ్గా పీలుస్తుంది, చిరిగితే అతుకు వేసుకోవచ్చు. బండారులంక, పులుగుర్త లాంటి చేనేత ఊళ్ళు మనకి దగ్గర్లోనే ఉన్నాయి. చీరలకు పేరున్న ఊళ్ళయినా, తుండు గుడ్డ కావాలని అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. నేను మొదటిసారి కొన్నప్పుడు గుడ్డ మీద నీటి చుక్క వేస్తే ముత్యంలా నిలబడిపోయింది. మోసపోయాననుకుని టెన్షన్ పడ్డాను. మగ్గం దగ్గరున్న పెద్దాయన్ని అడిగితే, "ఆయ్, కొత్త తుండు నీళ్ళు తాగదమ్మా. గంజి పోవాలి గదండీ. నాలుగు ఉతుకులు పడనివ్వండి, అప్పుడు చూడండి" అన్నాడు. నాలుగో ఉతుకు తర్వాత అదే గుడ్డ మీద చుక్క పడీపడగానే ఇంకిపోయింది. అందుకని ఏ నూలు గుడ్డనైనా ఉతక్కుండా కత్తెర పెట్టొద్దు. ఉతికితే గంజి పోవడమే కాదు, కుంచించుకుపోయేది ఉంటే ముందే పోతుంది.

రెండోది తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా గుంటలు పడే నేత. నూలే అయినా ఆ గుంటల వల్ల ఒంటికి అంతా అంటుకోదు, గాలి ఆడుతుంది. నాకు బాగా నచ్చిన గుడ్డ ఇది, కాకపోతే మా వైపు షాపుల్లో ఎప్పుడూ దొరకదు.

మూడోది మైక్రోఫైబర్. ఎక్కువగా 80 పాళ్ళు పాలిస్టర్, 20 పాళ్ళు నైలాన్ జాతి పోగు కలిపి చేస్తారు. పోగులను చీల్చి వెంట్రుక కన్నా ఎంతో సన్నగా చేయడం వల్ల వాటి సందుల్లోకి నీరు పాకుతుంది. పోగు లోపలికి మాత్రం పెద్దగా పోదు. అందుకే పిండితే నీళ్ళు జారిపోయి తొందరగా ఆరుతుంది. వానాకాలం టోర్నమెంట్లకు తిరిగే వాళ్ళకి ఇదే మేలు. అయితే పోగు చీల్చని నాసి రకం కూడా అదే పేరుతో అమ్ముతారు. తుడుచుకుంటే నీళ్ళు ఇంకకుండా ఒంటి మీద అటూ ఇటూ జరుగుతాయి. కొనే ముందు ఆరిన అరచేతిని దాని మీద రాయండి. మంచిదైతే చర్మం గరుకులకి పట్టుకున్నట్టు సన్నగా తగులుతుంది. నున్నగా జారిపోతే వదిలేయండి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ గుడ్డ ఉతికినప్పుడల్లా కంటికి కనబడని ప్లాస్టిక్ పోగులు రాలతాయి. దీన్ని కాలవలో ఉతకొద్దు. మన ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండేది ఆ కాలవ నీళ్ళతోనే.

రోజూ ఊళ్ళోనే ఆడుకునే పిల్లలకి నేను నూలే కుడతాను. ఆరడం కాస్త ఆలస్యమైనా రెండు కుట్టించుకుని మార్చి మార్చి వాడుకుంటే సరిపోతుంది. బస్సెక్కి వెళ్ళే వాళ్ళకి మైక్రోఫైబర్.

రంగు విషయంలో మొహమాటపడొద్దు. తెల్లటి పల్చటి గుడ్డ తడిస్తే ఒంటికి అంటుకుని లోపలున్నదంతా కనిపిస్తుంది. బట్టలు మార్చుకోవడానికి కుట్టేది కాబట్టి ఇదే అన్నిటికన్నా పెద్ద లోపం. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, మెరూన్, లేదా దగ్గర దగ్గర గళ్ళున్న లుంగీ గుడ్డ తీసుకోండి. గుడ్డను పూర్తిగా తడిపి, వెనక చెయ్యి పెట్టి ఎండకెదురుగా పట్టుకుని చూడండి. వేళ్ళు లెక్కపెట్టగలిగితే ఆ గుడ్డ వద్దు. రంగు దిగుతుందేమో కూడా తడి తెల్లగుడ్డతో రుద్ది చూసుకోండి.

కొలతలు

టేపుతో రెండే కొలతలు తీయండి, నడుం, పిరుదులు. పిరుదుల కొలత అన్నిటికన్నా వెడల్పైన చోట తీయాలి. మిగతా లెక్కంతా వీటిలోంచే వస్తుంది.

ముందు భాగం రెండు పొరలు ఉండాలి. అంటే రెండు రెక్కలు, ఒక్కోటి పిరుదుల కొలతలో సగం. వెనక భాగం పిరుదుల కొలతలో సగానికి 4 అంగుళాలు కలిపి. ఈ నాలుగూ ఎందుకంటే, కూర్చున్నప్పుడు, వంగినప్పుడు గుడ్డ బిగుసుకోకూడదు. రెండు పక్కల అంచు మడతలకి 2 అంగుళాలు. ఇలాస్టిక్ ముక్క వెనక భాగానికి మాత్రమే వస్తుంది, దాని పొడవు: నడుం కొలతలోంచి ఒక రెక్క వెడల్పు తీసేసి, ఇంకో 2 అంగుళాలు తగ్గించాలి.

ఉదాహరణకి నడుం 32, పిరుదులు 36 ఉన్న కుర్రాడిని తీసుకుందాం. ఒక్కో రెక్క 18 అంగుళాలు. వెనక భాగం 22. రెక్కలు, వెనక, అంచులు కలిపితే 18, 22, 18, 2, మొత్తం 60. సరిగ్గా మన 60 అంగుళాల తుండు. ఇలాస్టిక్ 32లోంచి 18 పోగా 14, అందులోంచి 2 పోగా 12 అంగుళాలు. ఈ 12 అంగుళాల ఇలాస్టిక్ మీద 22 అంగుళాల గుడ్డ కుచ్చుగా కూర్చుంటుంది. కట్టుకున్నప్పుడు ఇలాస్టిక్ 14 దాకా సాగి, నడుమును సన్నగా పట్టుకుంటుంది. ఈ కాస్త బిగువే కట్టును జారకుండా ఆపుతుంది.

పిరుదులు 36 దాటితే 60 అంగుళాల గుడ్డ చాలదు, అప్పుడు రెండు మీటర్ల లుంగీ గుడ్డలోంచి కత్తిరించుకోండి.

పొడవు మోకాలి దాకా చాలు. 30 అంగుళాల వెడల్పు గుడ్డలో పైన నడుం మడతకి 2, కింద అంచుకి 1 పోతాయి. నేను ఇంకో 3 అంగుళాల పట్టీ ముందే కత్తిరించి పక్కన పెడతాను, 24 అంగుళాల పొడవు మిగులుతుంది. ఆ పట్టీ వృథా కాదు. వేలాడదీసే ఉచ్చులకి, బొత్తాల వెనక బలానికి అదే వాడతాం.

రెండు తాళాలు

మొదటి ఏడాది నేను కుట్టిన వాటికి వెల్క్రో ఒక్కటే పెట్టాను. అదీ నిలువుగా, లంగా పక్క హుక్కుల్లా, పై నుంచి కిందికి. చూడ్డానికి చక్కగా ఉంది. నా మేనల్లుడు వాలీబాల్ ఆడతాడు. సెట్టుకీ సెట్టుకీ మధ్యలో కట్టుకుని కూర్చునేవాడు. వారం తిరక్కుండా తెచ్చి మిషన్ మీద పడేశాడు.

"అత్తా, లేచి నిలబడితే చాలు, చర్రుమని ఊడిపోతోంది. అందరూ చూస్తున్నారు, నేను కట్టుకోను."

వాడి ఎదురుగా పట్టుకుని లాగి చూశాను. అప్పుడు అర్థమైంది. వెల్క్రో రెండు పట్టీలను ఒకదాని మీద ఒకటి జరపాలని చూస్తే ఎంత లాగినా ఊడదు. అంచు పట్టుకుని అరటి తొక్క ఒలిచినట్టు లాగితే చిటికెలో ఊడుతుంది. నేను పెట్టింది సన్నటి నిలువు పట్టీ. లేచి నిలబడ్డప్పుడు గుడ్డ ఎగదన్ని దాని పై అంచును ఒలిచేస్తోంది. అదే పట్టీని నడుం చుట్టూ అడ్డంగా పెడితే, నడుం బిగువు దాన్ని పొడవునా లాగుతుంది. ఒలవడానికి సందు దొరకదు. అదే వెల్క్రో, అదే పొడవు, పెట్టే దిక్కు మారిస్తే పనితనం మారిపోయింది.

అప్పటినుంచి రెండు తాళాలు పెడుతున్నాను. ఒకటి ఊడినా ఇంకోటి ఆపాలి.

లోపలి తాళం: ముందు లోపలి రెక్క కుడివైపు వెనక భాగంలోంచి మొదలై పొట్ట మీదుగా ఎడమ పక్కకి వస్తుంది. దాని చివర ఎడమ పక్క అతుకు లోపలి వైపుకి టిచ్ బటన్‌తో తగిలించాలి. ఒక జత కాదు, పక్కపక్కనే అంగుళం దూరంలో రెండు మూడు జాగాలు పెట్టండి. పిల్లలు పెరుగుతారు, సన్నబడతారు. ఇనుప టిచ్ బటన్లు వద్దు. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరం ఊళ్ళ ఉప్పుగాలికి నెలలో తుప్పు పట్టి గుడ్డ మీద మరకలు పడతాయి. ఇత్తడివి గానీ గట్టి ప్లాస్టిక్‌వి గానీ వాడండి. పల్చటి గుడ్డకి నేరుగా నొక్కితే నాలుగు లాగుళ్ళకి చుట్టూ చిరుగుతుంది. ముందు దాచిన పట్టీలోంచి రెండంగుళాల ముక్క మడిచి వెనక కుట్టి, దాని మీద బొత్తం నొక్కాలి.

బయటి తాళం: బయటి రెక్క ఎడమ నుంచి కుడికి వచ్చి, కుడి పక్క అతుకు మీద అడ్డంగా వెల్క్రోతో మూసుకుంటుంది. ఇక్కడో చిన్న కిటుకు ఉంది. వెల్క్రోలో ఒకటి గరుకు పట్టీ, ఒకటి మెత్తటి పట్టీ. గరుకు పట్టీని నడుం పట్టీ బయటివైపు, 3 అంగుళాలే పెట్టండి. మెత్తటి పట్టీని రెక్క లోపలివైపు, 7 అంగుళాలు పెట్టండి. ఎంత వదులుగా కట్టినా, ఎంత బిగించినా గరుకు ముక్క పూర్తిగా మెత్తటి దాని కిందే ఉంటుంది. ఒంటికి గీరుకోదు, గుడ్డ పోగులు లాగదు, ఇసుక పట్టదు. కొనేటప్పుడు పాలిస్టర్ వెల్క్రో అడగండి. నైలాన్‌ది తడిస్తే పట్టు బాగా తగ్గిపోతుంది, మనకి కావలసింది తడిలో పట్టే కదా.

ఇవి కాక, నడుం నుంచి 10 అంగుళాల కింద బయటి రెక్క అంచుకి ఒక టిచ్ బటన్ పెడతాను. మా పిల్లలు దాన్ని గాలి బొత్తం అంటారు. రేవు మీద గాలి వీస్తే రెక్క ఎగిరిపోకుండా ఉంటుంది.

బొందు ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్ళు ఉన్నారు. లంగా బొందు అందరికీ అలవాటే, గట్టిదే. కానీ తడి బొందు ముడి బిగుసుకుపోతుంది, చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో విప్పలేరు.

కుట్టే వరుస

దారం పాలిస్టర్‌ది వాడండి. ఎప్పుడూ తడిలో నానేదానికి నూలు దారం తొందరగా చివికిపోతుంది. నూలు గుడ్డకి 14 నంబరు సూది, మైక్రోఫైబర్‌కి 11.

గుడ్డను ఉతికి, ఇస్త్రీ చేసి, పట్టీ కత్తిరించాక రెండు నిలువు అంచులనీ అరంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుట్టండి. సుద్దతో పైన 18, 22, 18 గుర్తులు పెట్టండి. తాళాలు వచ్చే చోట్ల వెనక ముక్కలు ఇప్పుడే కుట్టేయాలి. నడుం మడిచాక కుడదామంటే చేతికి అందవు. తర్వాత నడుం మడత. మధ్యలో ఉన్న 22 అంగుళాల మేర గూడులా వదిలి, అంగుళంన్నర ఇలాస్టిక్ దూర్చి, రెండు కొసలనీ గుర్తుల దగ్గర అడ్డంగా మూడు నాలుగు సార్లు కుట్టి ఆపండి. కొసల లోపలి కుట్టుకి అరంగుళం చొప్పున ఎక్కువ ఉంచుకుని 13 అంగుళాల ముక్క కత్తిరించుకోవాలి. జిగ్‌జాగ్ కుట్టు ఉన్న మిషన్ అయితే గూడు అక్కర్లేదు. గుడ్డ లోపలివైపు ఇలాస్టిక్‌ని సాగదీస్తూ నేరుగా కుట్టేయండి. ఒక పొర తగ్గుతుంది, నడుం తొందరగా ఆరుతుంది.

వెల్క్రోని నాలుగు వైపులా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా ఇంకో రెండు గీతలు కుట్టండి. టిచ్ బటన్లు అన్నిటికన్నా ఆఖర్న. ఒకసారి ఒంటికి చుట్టి చూసి, గుర్తు పెట్టుకున్నాకే నొక్కండి.

జేబు కావాలంటే దోమతెర గుడ్డతో కుట్టండి. రూమ్ తాళంచెవి, చెవి దిద్దులు, బస్సు చార్జీ పట్టే అంత చాలు. గుడ్డ జేబైతే అన్నీ ఆరాక కూడా అదొక్కటే చెమ్మగా ఉండి వాసన మొదలయ్యేది అక్కడే. దోమతెర జేబులోంచి నీళ్ళూ ఇసుకా రెండూ రాలిపోతాయి.

వేలాడదీసే ఉచ్చులు రెండు, నడుం పట్టీ రెండు కొసల్లో. చిన్న పని అని మానేయొద్దు, ఆరడం సగం దీని మీదే ఉంది. ఒక ఉచ్చుకే తగిలిస్తే గుడ్డంతా ఒక గుత్తిలా కుచ్చుపడి లోపలి మడతలకి గాలి తగలదు. దండెం మీద మడిచి వేస్తే రెండు పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. రెండు మేకులకి రెండు ఉచ్చులూ తగిలించి, ఒకే పొరగా పరిచినట్టు వేలాడదీస్తే ఇరువైపులా గాలి తగులుతుంది. వాన రోజైతే ఫ్యాన్ కింద. గుడ్డని ఆనుకున్న తేమ గాలిని ఫ్యాన్ పక్కకి తోసేస్తూ ఉంటుంది.

ఆడపిల్లలకి

ఇదే లెక్క, కానీ నడుం మీద కాదు, చంకల కింద నుంచి మోకాలి దాకా. 30 అంగుళాల తుండు పొడవు చాలదు. లుంగీ గుడ్డలోంచి 38 అంగుళాల ఎత్తు తీసుకోండి. నడుం కొలత బదులు ఛాతీ పైభాగం చుట్టుకొలత. ఇలాస్టిక్ వెనక మాత్రమే. లోపలి తాళానికి టిచ్ బటన్లు ఒకదాని కింద ఒకటి రెండు వరుసలు పెడితే నమ్మకంగా ఉంటుంది.

దీనికి మెడ పట్టీ కావాలి. రెండు చేతులూ కిందికి వెళ్ళినప్పుడు పై అంచు జారకుండా పట్టేది అదే. అయితే మెడ పట్టీని రెండు వైపులా కుట్టేయొద్దు. ఒక వైపు కుట్టి, రెండో వైపు టిచ్ బటన్‌తో తగిలించండి. రేవు దగ్గర కొక్కేనికో పడవ తాడుకో తగులుకుంటే బొత్తం ఊడి పట్టీ వదలాలి, మెడకి బిగుసుకోకూడదు. అసలు ఇది కట్టుకుని నీళ్ళలోకి దిగకూడదని పిల్లలకి మొదటి రోజే చెప్పండి. తడిసిన గుడ్డ కాళ్ళకి చుట్టుకుంటుంది.

నా మేనకోడలు మొదటిసారి కట్టుకున్న రోజు మెట్ల మీద నిలబడి రెండు చేతులూ పైకెత్తి చూపించింది. "అత్తా, చూడు, పట్టుకోలేదు" అంది. తర్వాత లోపల్నుంచే తడిబట్టలు మార్చేసుకుని, పొడి చుడీదారుతో ఇంటికి వచ్చింది.

ఇండోర్ ఆటల వాళ్ళకి

బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డిది అమలాపురం. మా వైపు పిల్లల చేతుల్లో ఇప్పుడు రాకెట్లు బాగానే కనిపిస్తాయి. బ్యాడ్మింటన్ పిల్లలకి గది సమస్య తక్కువ, చెమట సమస్య ఎక్కువ. వాళ్ళకి నడుం కట్టుతో పాటు బయటి రెక్క కింది అంచుకి ఒక జానెడు మేర తేనెపట్టు నేత ముక్క అతికిస్తే, కట్టు విప్పకుండానే ఆ కొస ఎత్తి మొహం, చేతులు తుడుచుకోవచ్చు. అంతకు మించి మార్పు అక్కర్లేదు.

చేతికిచ్చే ముందు పరీక్ష

లోపల నిక్కరు వేసుకుని, మీదకి కట్టుకుని చూడాలి. మొదట పొడిగా, తర్వాత బక్కెట్లో ముంచి పిండి తడిగా. రెండుసార్లూ ఇరవై గెంతులు, పది గుంజీలు, రేవు మెట్లు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలికి ప్యాంటు తొడుక్కోవడం. ఈ ఆఖరిదే అసలు పరీక్ష. ఎక్కువగా ఊడేది అక్కడే. తర్వాత బయటి వెల్క్రో కావాలని విప్పేసి, లోపలి తాళం ఒక్కటే పట్టుకుంటోందో లేదో చూడండి. తడి గుడ్డతో ఎండకెదురుగా నిలబెట్టి, పారదర్శకంగా ఉందేమో ఇంకొకరితో చూపించండి.

ఆరే సమయం చూడాలంటే తూకమే నమ్మకం, చేత్తో తడిమి చెప్పలేం. పొడిగా తూచండి, తడిపి పిండాక తూచండి, వేలాడదీసి అరగంటకోసారి తూచి కాగితం మీద రాయండి. పొడి బరువుకి ఎప్పుడు దగ్గరపడితే అప్పుడు ఆరినట్టు. ఎండ రోజు ఒకసారి, వాన రోజు ఒకసారి చేయండి. రెండు గుడ్డల మధ్య ఏది కొనాలో తేల్చుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

ఉతకడం, మోయడం

వెల్క్రో మూసి ఉతకండి, లేకపోతే నలకలన్నీ దానికే పడతాయి. పట్టిన నలకల్ని పాత టూత్‌బ్రష్‌తో తీస్తే పట్టు తిరిగి వస్తుంది. వాసన కోసం కలిపే మెత్తదనం ద్రవాలు వాడొద్దు. అవి పోగుల మీద పూతలా పేరుకుని నీళ్ళు తాగే గుణాన్ని చంపేస్తాయి. మైక్రోఫైబర్‌కి వేడి ఇస్త్రీ, బ్లీచింగ్ వద్దు. ఈతకొలను క్లోరిన్ నీళ్ళు తగిలితే ఆ రోజే మంచినీళ్ళలో జాడించండి, ఇలాస్టిక్ ఎక్కువ కాలం వస్తుంది. ఇంటికి మోసుకొచ్చేటప్పుడు పాలిథిన్ కవర్లో కుక్కకండి. కూరగాయలు తెచ్చుకునే వల సంచీ చాలు.

ఒకరిది ఒకరు కట్టుకోనివ్వొద్దు, తామర అంటుకునే దారుల్లో అదొకటి. అన్నీ ఒకే ముదురు నీలం గుడ్డ కావడంతో మా రేవు పిల్లలవి మొదట్లో కలిసిపోయేవి. ఇప్పుడు నడుం పట్టీ లోపల, ఉచ్చు పక్కన, ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దారంతో చిన్న పువ్వు కుడుతున్నాను. నా మేనకోడలిది పసుపు.